గర్భనిరోధక సూది, ఇంప్లాంట్: ఆపే దారి ఎవరి చేతిలో?

గర్భనిరోధక సూదిమందు మీద మన దేశంలో చర్చ మొదలై నలభై ఏళ్లు దాటింది. మందు దాదాపు అదే. మారింది చుట్టూ ఉన్న పరిస్థితి. ఒకప్పుడు దీన్ని సుప్రీంకోర్టు దాకా లాగిన మహిళా సంఘాల అభ్యంతరాలు ఇప్పుడు ప్రభుత్వ శిక్షణ పుస్తకాల్లో జాగ్రత్తలుగా కనిపిస్తున్నాయి. ఒకప్పుడు జనాభా పెరుగుదల గురించి గుండెలు బాదుకున్న రాష్ట్రాలు ఇప్పుడు పిల్లల్ని కనమంటున్నాయి. సూది వెనకే ఇంప్లాంట్ కూడా ప్రభుత్వ ఆసుపత్రుల్లోకి వస్తోంది. ఇన్నేళ్లలో తేలిందేమిటి, ఇంకా తేలాల్సిందేమిటి అని లెక్క చూసుకోవడానికి ఇది తగిన సమయం.

రెండు పద్ధతులు, రెండు రకాల చిక్కులు

డెపో ప్రొవెరా అని జనం ఎరిగిన మందు అసలు పేరు మెడ్రాక్సీ ప్రొజెస్టెరాన్ ఎసిటేట్. 150 మిల్లీగ్రాముల సూది ఒకటి వేయించుకుంటే మూడు నెలలు పనిచేస్తుంది, ప్రధానంగా అండం విడుదల కాకుండా ఆపుతుంది. నెట్-ఎన్ అనే మరో సూది రెండు నెలలకొకసారిది. ఇంప్లాంట్ అంటే మోచేతికి పైన చర్మం కింద అమర్చే అగ్గిపుల్ల సైజు మెత్తని కడ్డీ. రకాన్ని బట్టి మూడు నుంచి ఐదేళ్లపాటు కొద్దికొద్దిగా హార్మోను వదులుతుంది. తొలి ఇంప్లాంట్ నార్‌ప్లాంట్‌లో ఇలాంటివి ఆరు ఉండేవి. తర్వాత వచ్చిన జాడెల్‌లో రెండు, ఇంప్లానన్‌లో ఒకటే.

గర్భం రాకుండా ఆపడంలో రెండూ గట్టివే. ఇంప్లాంట్ పెట్టుకున్నవాళ్లలో ఏడాదికి వెయ్యి మందిలో ఒకరికి కూడా గర్భం రాదు. సూది వేళ తప్పకుండా వేయించుకుంటే వెయ్యికి ఇద్దరు. వేళ తప్పే మామూలు జీవితంలో మాత్రం అది వందకు నలుగురవుతుంది.

అసలు తేడా ఆపడంలో ఉంది. సూది ఒకసారి ఒంట్లోకి వెళ్లాక వెనక్కి తీయలేం. ఒంటికి పడకపోయినా మూడు నెలలు భరించాల్సిందే, మళ్లీ గర్భం నిలవడానికి చివరి సూది తర్వాత తొమ్మిది పది నెలలు పట్టడం మామూలే. అయితే దాన్ని మానేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, తర్వాతి సూదికి వెళ్లకపోతే సరి. ఇంప్లాంట్ సంగతి దీనికి తలకిందులు. తీసేసిన కొద్ది రోజులకే ప్రభావం పోతుంది, కానీ తీయడానికి శిక్షణ పొందిన మనిషి, మత్తు సూది, శుభ్రమైన పరికరాలు, అన్నిటికన్నా ముందు తీయడానికి ఒప్పుకునే మనసు ఉండాలి. సూదిలో స్త్రీ మందుకు కట్టుబడి ఉంటుంది, ఇంప్లాంట్‌లో ఆసుపత్రికి కట్టుబడి ఉంటుంది. ఈ వివాదంలో ఆవేశం పుట్టిన ప్రతి చోటా ఈ రెండిట్లో ఏదో ఒకటి కనిపిస్తుంది.

మందు మీద పడ్డ మచ్చ

డెపో ప్రొవెరాను తయారుచేసింది అమెరికాకు చెందిన అప్‌జాన్ కంపెనీ. బీగిల్ జాతి కుక్కల్లో రొమ్ము కణుతులు, కోతుల్లో గర్భాశయ క్యాన్సర్ కనిపించడంతో వివాదం మొదలైంది. 1978లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని గర్భనిరోధకంగా ఆమోదించడానికి నిరాకరించింది. ఆమోదం 1992లో గానీ రాలేదు. ఆ నిరాకరణకు ముందే అట్లాంటాలోని గ్రేడీ ఆసుపత్రిలో వేలమంది స్త్రీలపై పరీక్షలు జరిగాయి. వాళ్లలో పేదలు, నల్లజాతివాళ్లు ఎక్కువ. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ప్రభుత్వం నల్లజాతి స్త్రీలకు ఈ సూదిని విరివిగా వేయించింది. పక్కనే జింబాబ్వే స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1981లో, దీన్ని నిషేధించింది. ఆ నిషేధానికి కారణం వైద్యం ఒక్కటే కాదు. తెల్ల ప్రభుత్వం ఏ ఉద్దేశంతో ఈ సూదిని తెచ్చిందో అక్కడి జనం మర్చిపోలేదు.

ఇదే మందుకు ఇంకో చరిత్ర కూడా ఉంది. థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మయిలో మెక్‌కార్మిక్ ఆసుపత్రి 1965 నుంచే దీన్ని వాడింది, అక్కడి స్త్రీలు కోరి వచ్చి వేయించుకున్నారు. బంగ్లాదేశ్‌లోని మత్లబ్‌లో 1977 నుంచి గ్రామ కార్యకర్తలు ఇంటికే వెళ్లి సూది వేశారు. గడప దాటడం కష్టమైన చోట అదే వాళ్లకు అందిన సౌకర్యం.

‘మీ ఆడవాళ్లకు పనికిరానిది మా ఆడవాళ్లకు ఎలా పనికొస్తుంది?’ అన్న ప్రశ్న ఆ రోజుల్లో ప్రతి సభలోనూ వినిపించేది. దానికి ఎదురుగా వినిపించిన జవాబూ తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ప్రసవం సురక్షితమైన దేశంలో మందు ప్రమాదాన్ని తూచే రాళ్లు వేరు, ప్రసవమే ప్రాణాంతకమైన దేశంలో వేరు అన్నది ఆ జవాబు. లెక్కగా చూస్తే అది సరైనదే. కానీ ఆ లెక్క ఎవరు వేశారన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. ప్రసవాన్ని సురక్షితం చేయలేని ప్రభుత్వం, ప్రసవం ప్రమాదమని చెప్పి మందు ఇస్తోందన్న విమర్శకు ఆ లెక్కలో జవాబు లేదు.

పటాన్‌చెరు నుంచి సుప్రీంకోర్టుకు

1985లో అప్పటి మెదక్ జిల్లా పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ సూది ప్రయోగం మొదలైంది. భారత వైద్య పరిశోధనా మండలి దేశంలో చాలాచోట్ల చేపట్టిన పరీక్షల్లో ఇదొకటి. హైదరాబాదుకు చెందిన స్త్రీశక్తి సంఘటన సభ్యులు అక్కడికి వెళ్లి సూదికి వచ్చిన స్త్రీలతో మాట్లాడితే, ఇది ప్రయోగమనీ, దుష్ఫలితాలు ఉండవచ్చనీ తమకెవరూ చెప్పలేదని తేలింది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చేది ఏదైనా మన మంచికే అన్న నమ్మకంతో వాళ్లు వచ్చారు. ఆ నమ్మకాన్ని సమ్మతిగా రాసుకున్నారన్నది సంఘాల ఆరోపణ.

మరుసటి ఏడాది స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీకి చెందిన సహేలి, మరికొందరు కలిసి సుప్రీంకోర్టులో కేసు వేశారు. అది 2000 దాకా నడిచింది. కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో నెట్-ఎన్‌ను పెద్ద ఎత్తున వాడడం తగదనీ, కౌన్సెలింగ్, తదుపరి పరీక్షల సదుపాయం ఉన్నచోట్ల మాత్రమే వాడతామనీ ప్రభుత్వం చెప్పడంతో కేసు ముగిసింది. ఈలోగా 1993లో డెపో ప్రొవెరాకు ప్రైవేటు మార్కెట్‌లో అనుమతి వచ్చింది. దాన్ని ప్రభుత్వ కార్యక్రమంలో చేర్చవద్దని ఔషధ సాంకేతిక సలహా మండలి 1995లో చెప్పింది. దీంతో డబ్బున్నవాళ్లకు డాక్టరు దగ్గర దొరికే మందు, లేనివాళ్లకు ప్రభుత్వ ఆసుపత్రిలో దొరకని మందు అనే వింత పరిస్థితి ఇరవై ఏళ్లు సాగింది. దీన్ని అన్యాయమన్నవాళ్లూ ఉన్నారు, రక్షణ అన్నవాళ్లూ ఉన్నారు.

ఆ కేసు వేసినవాళ్లను మందుకు శత్రువులుగా చూడడం తేలిక, కానీ తప్పు. దేశానికి ఎమర్జెన్సీ జ్ఞాపకం అప్పటికింకా పచ్చిగా ఉంది. 1976–77లో ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. టీచర్లకు, గుమాస్తాలకు కోటాలు పెట్టిన వ్యవస్థ అది. ఆ వ్యవస్థ చేతికి మూడు నెలలపాటు వెనక్కి తీసుకోలేని మందు ఇస్తే ఏమవుతుందన్నది వాళ్ల భయం. లక్ష్యాల పద్ధతిని కేంద్రం అధికారికంగా వదులుకున్నది 1996లో. క్యాంపుల ఒత్తిడి అంతటితో ఆగలేదు. 2014 నవంబరులో బిలాస్‌పూర్ క్యాంపులో ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలు పదిమందికి పైగా చనిపోయారు. ఆపరేషన్ క్యాంపులను మూడేళ్లలో ఆపేయాలని దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది.

ఇండోనేసియాలో ఏం జరిగింది

ఇంప్లాంట్ కథలో పటాన్‌చెరు అంతటి మలుపు ఇండోనేసియా. పాపులేషన్ కౌన్సిల్‌లో షెల్డన్ సీగల్ బృందం రూపొందించిన నార్‌ప్లాంట్‌ను 1983లో మొదట ఆమోదించిన దేశం ఫిన్లాండ్. దాన్ని జాతీయ కార్యక్రమంగా భారీగా అమలు చేసింది మాత్రం ఇండోనేసియా. అక్కడి ప్రభుత్వానికి ఊరూరా సిబ్బంది ఉన్నారు, ఉద్యమస్థాయిలో శిబిరాలు పెట్టే అలవాటూ ఉంది. లక్షల మందికి కడ్డీలు అమర్చారు.

అమర్చడం నేర్పినంత శ్రద్ధగా తీయడం నేర్పలేదు. ఆరు కడ్డీలు తీయడం అమర్చడం కన్నా కష్టమైన పని, లోతుగా పెట్టి ఉంటే మరీ కష్టం. ఐదేళ్ల గడువు దాటినవాళ్ల జాబితా ఎక్కడా సరిగ్గా లేదు. ముందే తీయమని అడిగినవాళ్లలో కొందరిని ‘ఇంకొన్నాళ్లు ఓర్చుకోండి’ అని పంపేశారు. బంగ్లాదేశ్‌లోనూ ఇలాంటి ఫిర్యాదులే వచ్చాయి, ఫరీదా అక్తర్ వంటి కార్యకర్తలు వాటిని పుస్తకాలకెక్కించారు. బ్రెజిల్ ప్రభుత్వం 1986లో నార్‌ప్లాంట్ పరీక్షలనే ఆపేసింది.

ఇంతకీ ఆ కడ్డీలు హానికరమా? 1987 నుంచి పదేళ్లు ఎనిమిది వర్ధమాన దేశాల్లో సుమారు 16,000 మంది స్త్రీలను గమనించిన అధ్యయనం, పెద్ద ప్రమాదాలేవీ కనిపించలేదనే చెప్పింది. మందు మంచిదే అయినా కార్యక్రమం చెడ్డది కావచ్చని ఇండోనేసియా చూపించింది. ఇప్పటికీ రెండు పక్షాలూ అప్పుడప్పుడూ మరిచిపోయే విషయం ఇది.

వాదాలు

మొదటి వాదం జనాభా, ప్రజారోగ్య నిపుణులది. ఎంపికకు కొత్త పద్ధతి చేరినప్పుడల్లా గర్భనిరోధకాలు వాడేవారి సంఖ్య పెరుగుతుందని వీరు చూపిస్తారు. రోజూ మాత్ర గుర్తుపెట్టుకోనక్కర్లేదు, భర్తకు తెలియకుండా వాడుకోవచ్చు, ఆపరేషన్ అక్కర్లేదు. ఈ చివరి రెండూ మన దేశంలో చిన్న విషయాలు కావు. 2012 లండన్ సదస్సులో 2020 నాటికి అదనంగా 12 కోట్ల మంది స్త్రీలకు గర్భనిరోధకాలు అందించాలన్న లక్ష్యం పెట్టుకున్నారు. 2013లో కొనుగోలు హామీలిచ్చి ఇంప్లాంట్ ధరను సుమారు 18 డాలర్ల నుంచి ఎనిమిదిన్నర డాలర్లకు తగ్గించారు. ఆఫ్రికాలో ఇంప్లాంట్లు అంత వేగంగా వ్యాపించడానికి ఆ ధర తగ్గింపు పెద్ద కారణం.

రెండోది స్త్రీవాద, ప్రజారోగ్య ఉద్యమాల విమర్శ. బెట్సీ హార్ట్‌మన్ వంటివారు దీనికి సిద్ధాంత రూపం ఇచ్చారు. అదుపు స్త్రీ చేతిలోంచి ఇచ్చేవాళ్ల చేతికి మారే పద్ధతులను, అదుపు చేయడమే అలవాటైన ప్రభుత్వాల చేతికి ఇవ్వకూడదన్నది దీని సారం. ఈ వాదంలో బలం ఎక్కువ, కానీ ఒక లోపం ఉంది. రహస్యంగా వాడుకోవాల్సిన అవసరం ఉన్న స్త్రీకి ఇది ఇచ్చే ప్రత్యామ్నాయం సన్నగా ఉంటుంది. కండోమ్ వాడమంటే వాడే భర్త అందరికీ ఉండడు.

మూడో వాదం ఈ రెంటి మధ్య పుట్టింది. 1990లో జూడిత్ బ్రూస్ సేవల నాణ్యతకు ఆరు కొలమానాలు చెప్పారు. పద్ధతుల్లో ఎంపిక, సమాచారం, సిబ్బంది నైపుణ్యం, మర్యాద, కొనసాగింపుకు తోడ్పాటు, ఇతర సేవలతో కలయిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో రూపొందించిన వ్యూహం ఇంకో అడుగు ముందుకు వేసి ప్రశ్ననే తిప్పింది. ‘ఈ మందును ఎలా ప్రవేశపెట్టాలి?’ అనడానికి బదులు ‘ఈ దేశంలో స్త్రీలకు ఏమి కావాలి, ఆసుపత్రులు ఏమి చేయగలవు, అప్పుడు ఈ మందు అవసరమా?’ అని అడగమంది. జవాబు ‘అవసరం లేదు, ముందు ఉన్న పద్ధతులను సరిగ్గా ఇవ్వండి’ అని కూడా రావచ్చు. కాగితం మీద అందరూ ఒప్పుకున్న వాదమిది. బడ్జెట్లలో మాత్రం ఎప్పుడూ వెనకే ఉంటుంది, ఎందుకంటే మందు కొనడానికి డబ్బు దొరికినంత తేలిగ్గా పదిహేను నిమిషాల మాటకు డబ్బు దొరకదు.

ఇటీవల లీ సెండెరోవిట్జ్ వంటి పరిశోధకులు ఈ చర్చకు మరో కోణం చేర్చారు. బలవంతం అంటే చేతులు కట్టి సూది వేయడమే కాదు. ఒకే పద్ధతిని పొగిడి చెప్పడం, దుష్ఫలితాలను దాటవేయడం, తీయమంటే వాయిదా వేయడం కూడా బలవంతమే అంటారు వీరు. ఒప్పుకోని స్త్రీకి గర్భనిరోధకం ఉండడాన్ని విజయంగా లెక్కించకూడదన్నది వీరి మాట. నా దృష్టిలో చర్చను నిజంగా ముందుకు కదిపింది ఈ వాదమే.

శాస్త్రం ఎంతవరకు తేల్చింది

కుక్కల్లో కనిపించిన కణుతులు మనుషులకు వర్తించవని ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. ఎముకల సాంద్రత తగ్గుతుందని 2004లో అమెరికా గట్టి హెచ్చరిక పెట్టింది, మానేశాక అది చాలావరకు తిరిగి వస్తుంది. హెచ్‌ఐవీ సోకే ముప్పు పెరుగుతుందన్న భయం పాతికేళ్లు వేధించింది. ఎస్వతినీ, కెన్యా, దక్షిణాఫ్రికా, జాంబియాల్లో 7,829 మంది స్త్రీలతో జరిగిన ఎకో పరీక్ష 2019లో దానికి సమాధానం చెప్పింది. సూది, కాపర్-టీ, ఇంప్లాంట్‌ల మధ్య పెద్ద తేడా లేదు. అయితే గర్భనిరోధక సేవ కోసం వచ్చిన ఆ స్త్రీలలో ఏటా వందకు దాదాపు నలుగురికి హెచ్‌ఐవీ సోకింది. ఆ సంగతి ఈ ముగింపు వెనక మరుగున పడింది.

2024లో వెలువడిన ఫ్రాన్స్‌లోని ఒక పెద్ద అధ్యయనం, ఈ సూదిని ఏడాదికి మించి వాడినవాళ్లలో మెనింజియోమా అనే మెదడు పొర కణితి ముప్పు ఐదు రెట్లకు పైగా ఉందని చూపింది. ఫ్రాన్స్‌లో సూది వాడేవాళ్లు చాలా తక్కువ కాబట్టి ఆ అంచనా కొద్దిమంది మీదే ఆధారపడింది. కణితి కూడా అరుదైనదే. కానీ ప్రపంచంలో ఈ మందును అత్యధికంగా వాడే దేశాలలో ఎన్నింటిలో మెదడు స్కాన్ అందుబాటులో ఉంది? అక్కడ ఈ ముప్పు కనపడాలన్నా కనపడదు.

స్త్రీలు సూది మానేయడానికి కారణం చాలావరకు ఇవేవీ కావు, నెలసరి. మొదట్లో ఎప్పుడు పడితే అప్పుడు మరకలు, తర్వాత నెలల తరబడి రాకపోవడం. ఏడాది వాడినవాళ్లలో సుమారు సగం మందికి బహిష్టు ఆగిపోతుంది. డాక్టరు దృష్టిలో ఇది రక్తహీనతకు మేలు, మన దేశంలో సగానికి పైగా స్త్రీలు రక్తహీనులే. ఇంట్లో లెక్క వేరు. ముట్టు ఆగితే చెడు రక్తం లోపల పేరుకుందని భయం, లేదా మళ్లీ నెల తప్పిందని గాభరా. ఎప్పుడు వస్తుందో తెలియని మరకలు వంటింటికీ, పూజకీ, నమాజుకీ అడ్డు. వైద్య పుస్తకం దీన్ని చిన్న దుష్ఫలితం అంటుంది. అత్తగారు ఉన్న ఇంట్లో ఇది చిన్నది కాదు.

‘అంతర’ వచ్చాక

ఔషధ సలహా మండలి 2015లో తన మాట మార్చుకుంది. 2016లో ఏడు రాష్ట్రాల్లోని ఎక్కువ జననాలున్న జిల్లాల కోసం మిషన్ పరివార్ వికాస్ అనే కేంద్ర పథకం వచ్చింది. 2017లో ‘అంతర’ పేరుతో మూడు నెలల సూది ప్రభుత్వ ఆసుపత్రుల్లోకి వచ్చింది. ఆ జిల్లాల్లో ఒక్కో డోసుకు వేయించుకున్న స్త్రీకి 100 రూపాయలు, తీసుకొచ్చిన ఆశా కార్యకర్తకు 100 రూపాయలు ఇస్తారు. ప్రయాణ ఖర్చు అనుకుంటే తప్పులేదు. మొదటి డోసుకూ నాలుగో డోసుకూ మధ్య ఆశా ఏ మాట ఎంత గట్టిగా చెబుతుందన్నది మాత్రం ఆ వందతో ముడిపడుతుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019–21 నాటికి వివాహిత స్త్రీలలో సూది వాడేవాళ్లు ఒక శాతం కూడా లేరు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు దాదాపు 38 శాతం. తెలంగాణలో అది 60 శాతం పైన, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం. రెండు రాష్ట్రాల్లోనూ సగటు స్త్రీకి ఇద్దరు పిల్లల్లోపే. ఆంధ్రలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో సగానికి పైగా పాతికేళ్లు నిండకముందే చేయించుకున్నారు. పెళ్లి, ఇద్దరు పిల్లలు, ఆపరేషన్, అన్నీ ఏడెనిమిదేళ్లలో అయిపోతాయి. మధ్యలో ఎడం పెట్టుకునే పద్ధతులకు ఇక్కడ చోటే ఏర్పడలేదు. స్థానిక ఎన్నికల్లో పోటీకి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో తీసేసింది, ముఖ్యమంత్రి ఎక్కువమందిని కనమన్నారు. అంటే సూదికీ ఇంప్లాంట్‌కీ తెలుగు రాష్ట్రాల్లో జనాభా అదుపు అనే సాకు ఇక మిగల్లేదు. ఆ బరువు దిగిపోయాక పాత వివాదం కొంత తేలికపడాలి. ఇక్కడ వాటికి ఉండగల సమంజసమైన పాత్ర ఒకటే, ఇరవై మూడేళ్ల అమ్మాయికి ఆపరేషన్ కాకుండా ఇంకో దారి చూపడం. అది కాకుండా ఆపరేషన్ కోటాల స్థానంలో సూది కోటాలు వస్తే మార్పేమీ లేదు.

తేలని ముడులు

సొంతంగా వేసుకునే సూది మొదటిది. చర్మం కింద వేసే 104 మిల్లీగ్రాముల చిన్న మోతాదును స్త్రీ తనే వేసుకోవచ్చు. మలావీలో జరిగిన పరీక్షలో తామే వేసుకున్నవాళ్లలో 73 శాతం ఏడాది పాటు కొనసాగారు, సిబ్బంది చేత వేయించుకున్నవాళ్లలో 45 శాతమే. మహిళా సంఘాల పాత అభ్యంతరం సగం ఇక్కడ కరుగుతుంది, ఎందుకంటే అదుపు ఆమె చేతికే వస్తుంది. మిగతా సగం ఉంటుంది. మందు లోపలికి వెళ్లాక మూడు నెలలు మూడు నెలలే.

రెండోది లెక్కల సంగతి. మన ఆరోగ్య సమాచార వ్యవస్థ సూదిని డోసుల వారీగా నమోదు చేస్తుంది. ఎందరు తిరిగి రాలేదో ఆ అంకెల్లో తెలుస్తుంది. పిల్లలు కావాలనుకుని రాలేదా, మరకలు భరించలేక రాలేదా, మందు అయిపోయిందంటే తిరిగి వెళ్లిపోయారా అన్నది తెలియదు. కొనసాగడమే విజయమనుకునే వ్యవస్థకు ఆ ప్రశ్న అడగాలనిపించదు కూడా.

మూడోది ఇంప్లాంట్. కొన్ని రాష్ట్రాల్లో ఎంపిక చేసిన జిల్లాల్లో ప్రభుత్వం దీన్ని మొదలుపెట్టింది. ఇండోనేసియా తర్వాత తీసే శిక్షణ గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. కానీ ఇక్కడ మరో చిక్కు కూడా ఉంది, వలస. పాలమూరు నుంచి, ఉత్తరాంధ్ర నుంచి, ఒడిశా నుంచి కుటుంబాలు ఏటా నిర్మాణ పనులకూ ఇటుక బట్టీలకూ కదులుతుంటాయి. ఒక జిల్లా ఆసుపత్రిలో కడ్డీ పెట్టించుకున్న స్త్రీకి ఏడాది తర్వాత వేరే రాష్ట్రంలో, ఆ సేవే మొదలుకాని ఊళ్లో, రక్తస్రావం ఆగకపోతే ఎవరు తీస్తారు? పెట్టించుకున్న తేదీ, రకం, గడువు రాసిన చీటీ ఆమె దగ్గర ఉంటుందా? అది చూసి, పెట్టింది మేం కాదని పంపేయకుండా తీయాలన్న ఉత్తర్వు అన్ని రాష్ట్రాల ఆసుపత్రులకూ ఉంటుందా? అమర్చే జిల్లాల సంఖ్య పెంచే ముందు ఆరోగ్య శాఖలు జవాబు చెప్పాల్సిన ప్రశ్నలివి.